దాహము తీరినదా?

గౌతమీ వసిష్ఠల నడుమ, దక్షిణమున సముద్రము హద్దుగా నెలకొనియున్న కోనసీమను తొలిసారి చూచినవారు, ఇచ్చటి మానవునకు దాహమను బాధ ఎట్లుండునని సంశయింతురు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి కాలువ పారని ఊరు ఈ సీమలో అరుదు. అయినను వైశాఖ మాసపు మిట్టమధ్యాహ్నమున అంబాజీపేట ప్రాంతపు కొబ్బరితోటలో దింపు పనిచేయుచున్న కార్మికుని ఒక్క గడియ గమనించినచో ఆ సంశయము తొలగిపోవును. గాలి నిండ తేమయే యగుటచే చెమట ఆరదు. ఆరని చెమట దేహమును చల్లబరుపజాలదు. చల్లబడని దేహము మరింత చెమటను విడుచును. చుట్టును నీరున్నను దేహము లోలోపల ఎండిపోవుచుండును.

అట్టివాడు ప్రొద్దువాలిన పిదప గట్టుమీది తాడిచెట్టు క్రింద కల్లుముంత ముందు కూర్చుండును. లేదా బాటప్రక్క దుకాణమున ఒక క్వార్టర్ సీసా కొనుక్కొనును. ఇంటి పెద్దయో, దారిన పోవు జంగమయ్యయో చూచి మందలించినచో అతడు చెప్పు సమాధానము ఇంచుమించు ఇట్లుండును: "దాహం తీరుతాదండి అయ్యగారూ. ఒళ్ళు తేలికవుతాదండి. గుండెకి ధైర్యంగా ఉంటాదండి. నా ఒంటి సంగతి నాకు తెలవదాండి?"

ఈ నాలుగు మాటలకు ధర్మోపన్యాసములలో తగిన సమాధానము సాధారణముగా లభింపదు. పానము పాపమని ఉపన్యాసకుడు చెప్పును. కాని అతడు పుణ్యమని వాదింపలేదే! కుటుంబము నశించునని ఉపన్యాసకుడు చెప్పును. అది అతనికి తెలియనిది కాదు. అతడు చూపుచున్నది అనుభవమను ప్రమాణమును. త్రాగితిని, తీరినది, నాకు తెలియును – ఇంతియే అతని వాదము. శాస్త్రవాక్యము కంటె అనుభవమునకే పెద్దపీట వేసిన సంప్రదాయమునకు చెందినవారు ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. కల్యాణ పట్టణమున బసవేశ్వరుడు నెలకొల్పిన గోష్ఠికి అనుభవమంటపమను పేరే కదా నిలిచినది! అనుభవమే గొప్పదైనచో, ఈ దింపు కార్మికుని అనుభవము ఏల గొప్పది కాదు? ప్రశ్న ఇదియే.

దీనికి సమాధానము వెదకుటకు ముందు, అతని దేహములో నిజముగా జరుగుచున్నదేమో తెలిసికొనవలెను.

చల్లని ద్రవమేదైనను గొంతు దాటిన నిమిషములోపుననే దాహభావము తగ్గును. ఆ ద్రవము ఇంకను రక్తములోనికి చేరనే లేదు. గొంతు, నోరు, కడుపు కలిసి మెదడునకు పంపెడి ముందస్తు కబురు అది. మంచినీటి విషయమున ఆ కబురు నిజమగును. కొంతసేపటికి నీరు రక్తములో చేరి మాట నిలుపును. మద్యము విషయమున కథ వేరు. మెదడు క్రింద నుండు పీయూష గ్రంథినుండి వాసోప్రెసిన్ అను స్రావము రక్తములోనికి వెలువడుచుండును. మూత్రపిండములు వడగట్టిన నీటిని మరల దేహమునకు అప్పగించునట్లు చేయునది ఆ స్రావమే. మద్యసారము రక్తములో పెరుగుచున్నంతసేపు అది ఆ స్రావమును అణచివేయును. కాలువ లాకు తలుపు ఎత్తివేసినట్లు, నిలువవలసిన నీరు బయటికి పోవును. త్రాగినవాడు గంటకొకసారి లేచి గట్టుప్రక్కకు పోవుటకు కారణమిదియే. కడుపు నిండుటచేత పోవుచున్నానని అతడనుకొనును.

ఈ నష్టమును కొలిచినవారు కలరు. ఇంగ్లండులో గ్రేస్ ఎగిల్టన్ అను శరీరశాస్త్రజ్ఞురాలు 1942లో ప్రకటించిన పరిశోధన ననుసరించి, ఒక్కొక్క గ్రాము మద్యసారమునకు సుమారు 10 మిల్లీలీటర్ల మూత్రము అదనముగా వెలువడును. ఈ లెక్కను దుకాణపు సీసాకు అన్వయించి చూడుడు. క్వార్టర్ సీసా 180 మిల్లీలీటర్లు. అందు మద్యసారము నూటికి 42.8 పాళ్ళు; అనగా సుమారు 77 మిల్లీలీటర్లు, తూకమునకు 60 గ్రాములు. అది బయటికి తీసికొనిపోగల నీరు 600 మిల్లీలీటర్లు. సీసాలో నున్న నీరో, నూరు మిల్లీలీటర్లకు కొంచెము ఎక్కువ. నూరు ఇచ్చి ఆరునూరులు వసూలు చేసెడి వడ్డీవ్యాపారి ఊరిలో ఉన్నచో అతని గడప ఎవరు త్రొక్కుదురు?

కల్లు విషయమున ఇంత కఠినముగా చెప్పుట న్యాయము కాదు. సత్యము చెప్పదలచినవారు తమకు అనుకూలము కాని సత్యమును గూడ చెప్పవలెను. పులిసిన కల్లులో మద్యసారము సాధారణముగా నూటికి 4 నుండి 6 పాళ్ళు మాత్రమే. ఒక లీటరు కల్లులో సుమారు 40 గ్రాములున్నవనుకొన్నను, పోవు అదనపు నీరు 400 మిల్లీలీటర్లు. ముంతలో వచ్చిన నీరు 900కు పైమాటయే. కావున కల్లు త్రాగినవాని దేహమునకు కొంత నీరు మిగులును. దేహము ముందే ఎండియున్నచో మూత్రపిండములు బిగపట్టుకొనును గనుక నష్టము ఇంకను తగ్గును. వ్యాయామముచే చెమటోడ్చిన మనుష్యులకు వేరువేరు మోతాదుల మద్యసారము కలిపిన పానీయముల నిచ్చి, షిరెఫ్స్, మాఘన్ అను ఇరువురు 1997లో ప్రకటించిన పరీక్షలో, నూటికి 2 పాళ్ళవరకు చెప్పుకోదగిన హాని కనబడలేదు. 4 పాళ్ళకు చేరునప్పటికి దేహము తేరుకొనుట మందగించినది. కల్లు ఆ గీతకు ఆవలి ఒడ్డున నున్నది. కనుక కల్లు చెప్పునది సగము అబద్ధము. సీసా చెప్పునది పూర్తి అబద్ధము. రెంటిని ఒక్కగాట కట్టి దూషించెడి ఉపన్యాసమును కార్మికుడు నమ్మకపోవుటలో వింత లేదు.

ఇక గుండె మాట. "గుండెకి ధైర్యంగా ఉంటాదండి" అని అతడన్నాడు. ఆరోగ్యవంతుడు విశ్రాంతిగా కూర్చున్నప్పుడు గుండె నిమిషమునకు 60 మొదలు 100 సార్లు కొట్టుకొనును. 72 చొప్పున లెక్కించినను దినమునకు లక్షకు పైగా అగును. మద్యసారము చర్మము క్రింది రక్తనాళములను వెడల్పు చేయును. ఒంటికి వెచ్చదనము తోచును, ముఖము ఎర్రబారును. నాళములు వెడల్పైనప్పుడు రక్తపు ఒత్తిడి పడిపోవును. ఆ లోటు పూడ్చుటకు గుండె వడివడిగా కొట్టుకొనవలసి వచ్చును. దీనికి తోడు, పైన చెప్పిన విధముగా నీరు బయటికి పోయి రక్తపు పరిమాణము తగ్గినచో, తగ్గిన రక్తమునే అన్ని అవయవములకు అందించుటకు మరింత పరుగెత్తవలెను. పగలంతయు చెమటోడ్చినవాని విషయమున ఈ రెండు భారములును కలిసి ఒకే గుండెమీద పడును. అతడు ధైర్యమని పిలిచినది ఆ పరుగునే. బెదిరిన లేగదూడ పరుగెత్తుచుండగా చూచి, ఎంత హుషారుగా నున్నదని మురిసినట్లున్నది!

ఈ విషయమై 2020లో ఒక సమీక్ష వెలువడినది. 767 మందిపై జరిగిన 32 పరీక్షలను కూర్చి చూచిన ఆ సమీక్షలో, ఎక్కువ మోతాదు పుచ్చుకొన్నవారికి – 30 గ్రాములకు పైబడినచో ఎక్కువ మోతాదనియే లెక్క. క్వార్టర్ సీసా దానికి రెట్టింపు – గుండె వేగము నిమిషమునకు సుమారు 6 సార్లు పెరిగినదనియు, ఆ పెరుగుదల పండ్రెండు గంటలవరకు నిలిచినదనియు, పదమూడవ గంట దాటిన పిదపను కొంత మిగిలియున్నదనియు తేలినది. ఆరు అను సంఖ్య చిన్నదిగా తోచవచ్చును. పండ్రెండు గంటలకు లెక్కించినచో అది నాలుగువేల పైచిలుకు అదనపు కొట్టుళ్ళు. రక్తపు ఒత్తిడి సంగతి మరియొక వింత. మొదట పడిపోయిన ఒత్తిడి పదమూడు గంటల తరువాత సహజస్థితిని మించి పెరుగును. రాత్రి తొమ్మిదింటికి పుచ్చుకొన్న ఋణము మరునాటి ఉదయము పదింటికి, చెట్టెక్కు వేళకు, వసూలునకు వచ్చును.

జర్మనీ దేశపు మ్యూనిక్ నగరమున ఏటేట జరుగు బీరు జాతరలో 2015వ సంవత్సరమున వైద్యులు 3,028 మంది స్వచ్ఛందముగా ముందుకు వచ్చినవారి గుండె నడకను అక్కడికక్కడే పరీక్షించిరి. నూటికి ఇరువదియారుగురి గుండె నిమిషమునకు నూరు దాటి కొట్టుకొనుచుండెను. వారి సగటు వయస్సు ముప్పదియైదునకు లోపే. అమెరికాలో ఎటింగర్ అను వైద్యుడు 1978లోనే, సెలవుదినముల వెంబడి గుండె లయ తప్పి ఆసుపత్రికి వచ్చినవారిని గుర్తించి ఆ లక్షణమునకు "సెలవుదినపు గుండె" అని పేరుపెట్టెను. ఈ పేరు విన్నపుడు కోనసీమవాసులకు సంక్రాంతి మూడు దినములు తలపునకు రాక మానవు. కనుమనాడు జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు తరలివచ్చును. భుజములపై ప్రభ నెత్తుకొని కౌశిక పాయ నీటిలో దిగి నడచివచ్చు దృశ్యమును చూచినవారికి, మనుష్యుని గుండె ఎంతటి భారమును మోయగలదో, ఏ మత్తును లేకయే ఎంత ఉత్సాహమును పొందగలదో తెలియును. ఆ గుండెనే పండుగ పేరిట బరుల చెంతను, తోటల మాటునను పరీక్షకు పెట్టువారును అదే దినమున కలరు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరలుదము. దేహము లోపల జరుగునది ఒకటి, అనుభవము చెప్పునది వేరొకటి అయినప్పుడు అనుభవము ప్రమాణమగునా?

చీకటిలో త్రాడును చూచి పామనుకొనుట అందరు ఎరిగిన దృష్టాంతమే. దీపము తెచ్చినచో భ్రమ తొలగును. కాని మద్యము కలిగించెడి భ్రమకు ఒక విశేషము కలదు. ఇక్కడ త్రాడును పాముగా చూపునది చీకటి కాదు. దీపమునే మసకబార్చెడి పదార్థము. తీర్పు చెప్పవలసిన మనస్సును ముందుగా తన వైపునకు త్రిప్పుకొని, పిదప తన వ్యాజ్యమును అదే న్యాయస్థానమున దాఖలు చేయును. తీర్పు ఎవరికి అనుకూలముగా వచ్చునో వేరుగా చెప్పవలెనా? కావున, మద్యము మంచిదని మద్యము పుచ్చుకొన్న గంటలోపున చెప్పెడి సాక్ష్యమునకు విలువ లేదని తార్కికులు సులభముగా కొట్టివేయవచ్చును.

అయినను ఆ కొట్టివేత చాలదు. దానివలన "నీ ఒంటి సంగతి నీకు తెలియదు, పుస్తకము చదివిన మాకు తెలియును" అని చెప్పినట్లగును. ఏ కూలివాడును ఈ మాటను సహింపడు, సహింపనక్కరలేదు. నిజమునకు అతని అనుభవము తప్పు కాదు. అది అసంపూర్ణము. అతడు చెప్పినది సాయంకాలపు సాక్ష్యము మాత్రమే. రాత్రి రెండు జాములు దాటిన పిదప నాలుక పిడచగట్టి మేల్కొని, చీకటిలో నీళ్ళకుండ వెదకుకొనినవాడెవడు? అతడే. ప్రక్క తిరిగి పడుకొన్నప్పుడు తలగడలో దడదడమని వినిపించిన గుండెచప్పుడు ఎవరిది? అతనిదే. అరువది గ్రాముల మద్యసారమును దేహము కరిగించుటకు ఆరుమొదలు ఎనిమిది గంటలు పట్టును; ఆ గంటలన్నియు అతడు తన దేహములోనే యున్నాడు, వేరొక ఊరికి పోలేదు. తెల్లవారి తల బరువెక్కి, మొదటి చెట్టు సగమెక్కునప్పటికే ఆయాసము వచ్చి ఆగినవాడును అతడే. ఇవన్నియు అనుభవములు కావా? దాహము నిజముగా తీరినచో నడిరాత్రి కుండ నేల వెదకవలె?

విదేశీయుల పరిశోధనలు ఈ విషయమున క్రొత్తగా చెప్పినది అల్పమే. అతని దేహము ప్రతిరాత్రి చెప్పుచున్న దానిని వారు అంకెలలో వ్రాసిరి. అతడు చేయవలసినదల్లా తన అనుభవమును పూర్తిగా చెప్పుట; సాయంకాలమువరకు చెప్పి ఆపకుండుట.

అనుభవమంటపము విషయమున సాధారణముగా మరచు సంగతి యొకటి ఇక్కడ పనికివచ్చును. అనుభవము అను మాటకు ఆ శరణుల వ్యవహారమున ఇంద్రియములకు తోచినదని మాత్రమే అర్థము కాదు. అల్లమప్రభువు అధ్యక్షుడుగా, వివిధ కాయకముల స్త్రీపురుషులు కూర్చుండి, ఒకరు చెప్పినదానిని వేరొకరు ప్రశ్నించిరి. ఆ ప్రశ్నకు నిలిచినదే అనుభవమైనది. ఒంటరిగా కూర్చుండి తనకు తాను చెప్పుకొన్నది ఆ లెక్కలోనికి రాదు. ఈ కొలతతో చూచినచో, త్రాగెడివాని అనుభవమును ప్రశ్నింపగల అర్హత అందరికంటె అధికముగా ఎవరికి కలదు? ఆ రాత్రంతయు ప్రక్కన మేల్కొనియున్న ఇల్లాలికి. కుండలోని నీరు తరిగినది ఆమెకు తెలియును. ఊపిరి ఎట్లున్నదో, ఒడలు ఎట్లు చెమర్చినదో ఆమెకు తెలియును.

ఆమె సాక్ష్యమును లోకము ఆలకించుటకు చాలకాలము పట్టినది. సేలము జిల్లాలో 1937లో ప్రారంభమైన మద్యనిషేధము 1948లో ఉమ్మడి మదరాసు రాష్ట్రమంతటికిని విస్తరించినది. గోదావరి జిల్లాలును అందు చేరినవి. ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన మరుసటి ఏడే, 1954 నవంబరులో, ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము ఈ నిషేధపు సమస్యపైననే ఒక్క ఓటు తేడాతో పడిపోయెను. నాటి వాదోపవాదములలో రాబడిని గురించిన లెక్కలు వినబడినవి. గీత వృత్తివారి జీవనమును గురించి గౌతు లచ్చన్నగారు నడిపిన ఆందోళన వినబడినది, అది న్యాయమైనదే. ఇల్లాలి గొంతు వినబడుటకు 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడిలో అక్షరములు దిద్దుకొన్న స్త్రీలు సారా దుకాణమునకు అడ్డుగా నిలువవలసి వచ్చినది. దానినుండియే 1993 అక్టోబరులో సారా నిషేధమును, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధమును వచ్చినవి. రెండేండ్లు నిండి కొన్ని నెలలు గడచునప్పటికి, 1997లో, ఆ సంపూర్ణ నిషేధము సడలిపోయినది. శాసనములు వచ్చును, పోవును. పీయూష గ్రంథి మాత్రము ఏ శాసనసభ తీర్మానమునకును లోబడి తన పద్ధతి మార్చుకొనలేదు.

గీత కార్మికుని ప్రస్తావన వచ్చినది గనుక ఒక మాట చెప్పక తప్పదు. మోకు బిగించి, ప్రాణములు పణముగా పెట్టి ఆకాశమంత ఎత్తున గెల గీయువాని శ్రమ కాయకము కాదని చెప్పు సాహసము ఎవరికి కలదు? బసవేశ్వరుని కాలపు శరణులలో హెండద మారయ్య అనునాయన కలడు. హెండమనగా కల్లు. కల్లమ్ముట ఆయన కాయకము. వచనకారుడుగా ఆయన పేరు శరణుల పంక్తిలో నిలిచియున్నది. వృత్తిని బట్టి ఎవరును ఆయనను బయట నిలుపలేదు. ఈ ఒక్క సంగతి చాలు, కల్లుముంతను చూచి మనిషిని అసహ్యించుకొనెడి భక్తి శరణమార్గము కాదని తెలియుటకు. అయినను కాయకమనగా ఇచ్చువానికి పుచ్చుకొనువానికి ఇద్దరికిని మేలు జరుగవలెనన్న నియమము మిగిలియే యున్నది. ఈ చిక్కుముడిని తేలికగా విప్పినవారెవరును లేరు.

చెట్టు మాత్రము ఒక దారి చూపుచున్నది. గెలనుండి కారునప్పుడు అది మత్తు లేని తీపిరసము. లొట్టికి లోపల సున్నము పూసి తెల్లవారకముందే దింపినచో నీరాగానే యుండును. గాలిలోని సూక్ష్మజీవులు పడి, ఎండ ఎక్కిన కొలది, అదే రసము మధ్యాహ్నమునకు కల్లగును. అదే చెట్టు, అదే లొట్టి, అదే శ్రమ. తేడా చిటికెడు సున్నము, నాలుగు గంటల కాలము. నీరాకు కల్లంత గిరాకీ లేదని గీత కార్మికుడు చెప్పినచో అతనిని తప్పుపట్టలేము. కొనువారు కొనవలెను కదా.

ఆ తాడిగట్టునకు ఈవల, ఆ దింపు తోటలోనే, బోండాము కలదు. లేత కొబ్బరినీటిలో పొటాషియము మెండు. చెమటతో పోయిన ఉప్పు మాత్రము అందు కొరతయే గనుక పనివాడు చిటికెడు ఉప్పు కలిపి త్రాగుట మేలు. మూత్రపిండముల వ్యాధి కలవారు మాత్రము వైద్యుని అడిగియే పుచ్చుకొనవలెను. బోండాము ఖరీదనుకొన్నచో ఉప్పు వేసిన పలుచని మజ్జిగ కలదు. ఈ గోదావరి సీమలో తాతలనాటి తరవాణి కలదు. లీటరు కాచిన నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపిన పానీయము ఎక్కడనైనను తయారగును. ఇవి లేనిచోట మంచినీరైనను ఉండవలెను. ఇక్కడనే తోట యజమానుల మీదికి ఒక ప్రశ్న వచ్చి నిలుచుచున్నది. దింపునాడు లక్ష కాయల రాశి పోయించుకొనువాడు ఆ రాశి ప్రక్కన ఒక కుండెడు మంచినీరు పెట్టించినాడా? సఖినేటిపల్లి, మలికిపురము వంటి తీరప్రాంతములలో భూగర్భజలము ఉప్పనగుట అందరు ఎరిగినదే. పనివాడు ఇంటినుండి తెచ్చుకొన్న సీసా రెండు గంటలలో అయిపోవును. పిదప చేరువగా దొరకునది కల్లే అయినచో, ఆ ముంతలో యజమానికి భాగము లేదనగలమా? 1909లో కాలధర్మము చెందిన లంకల గన్నవరము డొక్కా సీతమ్మగారు వేళగాని వేళ వచ్చినవానికిని విస్తరి వేసిరి. వచ్చినవాని కులము గాని, అలవాట్లు గాని ఆమె విచారింపలేదు. దాసోహమను మాటను నిత్యము ఉచ్చరించు కుటుంబములు ఆమెతో పోల్చుకొనవలసినది అన్నమునందే కాదు, నీటియందును.

మఠముల పెద్దలు ప్రత్యేకముగా గమనింపవలసినది ఇంకొకటి మిగిలినది. త్రాగుడు మానిపించుటకు బంధువులు ఒకనిని మఠమునకు తీసికొనివచ్చి, గురువు సన్నిధిని, లింగము సాక్షిగా ప్రమాణము చేయింతురు. సదుద్దేశమే, సందేహము లేదు. కాని ఏండ్ల తరబడి దినదినము అధికముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో, ఇంతకాలము మద్యముచే అణగియున్న నాడీమండలము కట్టుతెంచుకొనును. ఆరు గంటలు గడచునప్పటికి చేతులు వణకును, చెమటలు పట్టును, గుండె దడదడలాడును. రెండు దినముల లోపున మూర్ఛలు రావచ్చును. రెండవ దినమునకును నాలుగవ దినమునకును నడుమ కొందరు మతిభ్రమించి లేనివానిని చూతురు. చికిత్స లేనిచో అది ప్రాణాంతకము. దీనిని చూచి, ప్రమాణము తప్పుటకు వేషము వేయుచున్నాడని నిందించినవారు కలరు. దయ్యము పట్టినదని తాయెత్తు కట్టించినవారును కలరు. రెండును అన్యాయమే. ఆ మనిషి మాట నిలుపుకొన్నందుననే ఆ బాధ వచ్చినది. అట్టివాని విషయమున ప్రమాణమునకు ముందే వైద్యుని సంప్రదింపవలెను. మందుల సాయముతో ఈ దశను క్షేమముగా దాటింపవచ్చును. అమలాపురము, రాజోలు, కొత్తపేట ఆసుపత్రులకు దూరముగా నున్న లంకగ్రామముల వారు ఈ జాగ్రత్తను మరింతగా పాటింపవలెను, రేవు దాటవలసిన గంట రాత్రిపూట రాకుండుటకై.

ఆ మూడు నాలుగు రాత్రులు ప్రక్కన ఒకరుండుట అవసరము. చేయవలసినది పెద్దదేమియు కాదు. గంటకొకసారి గ్రుక్కెడు నీరందించుట, గదిని నిశ్శబ్దముగాను, చీకటిగా కాక కొంత వెలుతురుతోను ఉంచుట, మాటకు మాట సరిగా చెప్పుచున్నాడా యని గమనించుట. నాడి చూచుట ఎవరైనను చేయగల పని. ఇష్టలింగమును నిలుపుకొను అరచేతికి దిగువన, మణికట్టులో బొటనవ్రేలి వైపున, మూడు వ్రేళ్ళ కొసలు మెల్లగా ఆనించి, గడియారము చూచుచు నిండుగా ఒక నిమిషము లెక్కింపవలెను. విశ్రాంతిగా నున్నను నూరునకు పైబడి, వణకును చెమటయు తోడైనచో తెల్లవారు వరకు ఆగరాదు. అంతకు తక్కువైనచో వేళతో సహా ఆ సంఖ్యను ఒక కాగితముపై వ్రాసి యుంచి, ఉదయమున వైద్యునకు చూపవలెను.